ఎడమ అద్దం

లొల్ల లాకులు దాటామో లేదో
ఎడమ అద్దం తలాడించడం మొదలెట్టింది,
వద్దు వద్దన్నట్టు.
గట్టు రోడ్డు. గుంటకో దెబ్బ.
అద్దంలో కాలవ రెండు కాలవలైంది,
వెనకొచ్చే కొబ్బరి ట్రాక్టరు
నాలుగై, మళ్లీ ఒకటై.
హారను మాత్రం ఒక్కటే కొట్టాడు.

"ఆపు" అంది వరహాలు,
స్టవ్వు మీద టీగిన్నె పట్టకారుతో ఒడిసి పట్టుకుని.

ఈ బండి మునుపు కంటి పరీక్షల వ్యాను.
లోపలి గోడకి, మేం వేసిన రంగు కింద,
అక్షరాలింకా కనబడతాయి.
పైన ఒక్కటే పెద్దది, దిగేకొద్దీ చీమలు.
పడుకుని నేను మూడో వరస దాకా చదువుతాను.
వరహాలు ఆఖరి వరస చదివేసి
నా వంక చూస్తుంది, ఏమీ అనదు.
వేలంలో పాడుకున్నాం.
మంచం బిగించాం, నీళ్ల డ్రమ్ము కట్టాం,
పచ్చడి జాడీకి గూడు చేయించాం.
ఆవిడ ఇల్లంటుంది. నేను బండంటాను.

ముప్ఫై ఒక్క ఏళ్లు పంటు మీద సరంగునండి.
పంటుకి వెనకంటూ లేదు.
వెళ్లేటప్పుడు ముందున్నదే
వచ్చేటప్పుడు వెనక.
ఈ ఒడ్డున ఎక్కిన స్కూటరు
అదే మూతితో ఆ ఒడ్డున దిగిపోయేది.
ఎవడొస్తున్నాడో చూడాల్సిన పనేముంది,
గోదారి వెనకనించి వచ్చి గుద్దదు కదా.
వరదలో ఓసారి గుద్దింది.
అది ఇప్పుడు కాదు.

కానుగ నీడన ఆపి విప్పాను.
కడ్డీ బావుంది. బోల్టు బావుంది.
మధ్యలో గుండు కూర్చునే గిన్నే అరిగిపోయింది.
పళ్లూడిన నోట్లో బెల్లంముక్కలా
గుండు అటూ ఇటూ దొర్లుతోంది.
నట్టుని ఉప్పుగాలి తినేసింది.
అంతర్వేది పక్క రెండు నెలలు ఉన్నాం మరి,
తినకేం చేస్తుంది.

సైకిలు ట్యూబు ముక్క, వేలెడు వెడల్పు.
రొయ్యలు వొలిచే కత్తెరతో కోసిచ్చి
"కడిగి మరీ ఇవ్వు" అంది.
గుండుకి చుట్టి, గిన్నెలో కూరి,
నట్టు కింద కొత్త స్ప్రింగు వాషరు వేసి
నెమ్మదిగా, పావు తిప్పు, మరో పావు.
మరీ బిగిస్తే గిన్నె పగులుద్ది.
పోటు ఎక్కుతుంటే
గుంజకి తాడు బిర్రబిగించి ఇంటికెళ్లినవాడు
తెల్లారి పంటుని వెతుక్కుంటాడు.
నా చేతికి ఆ కొలత ఒక్కటే తెలుసు.

ఇంక సరిచెయ్యడం. అది ఒక్కడి పని కాదు.
అద్దం ఎడం పక్క, చూసే సీటు కుడి పక్క,
నాకు ఉన్నది ఒక్క ఒళ్లు.
"నువ్వు కూర్చో" అన్నాను.
ఏడాదయింది బండి కొని,
ఆ సీటులో ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు.
కుచ్చెళ్లు పోగేసుకుని ఎక్కి
స్టీరింగుకి చెయ్యి తగలకుండా కూర్చుంది.

"చెప్పు."
"ఆకాశం."
కిందకి వంచాను.
"చక్రం. బురద. నీ చెవి."
"చెవి కాదే, రోడ్డు!"
"బయటికి తిప్పు. ఇంకా. ఆఁ... ఆగు."

ఆగాను.
"ఏం కనబడుతోంది?"
"రోడ్డు. గట్టు. మనం దాటొచ్చిన లాకులు.
లాకుల పక్కన తెల్ల మేక.
మెడలో తాడుంది, తాడు ఎవరి చేతిలోనూ లేదు."

మెడ తిప్పి చూశాను, పాత అలవాటు.
మేక లేదు. తెలుపు లేదు.
కాలవ మీద ఎండ, అంతే.
"ఆయ్, మేకే" అన్నాను.

"ఇందాక ఏ పక్కనుందో చెప్పు" అంది.

కానుగ కాయొకటి రేకు మీద టప్పున పడింది.
స్పానరు గుడ్డతో తుడిచాను,
తుడిచిందే మళ్లీ తుడిచాను.
ఆవిడ దిగలేదు.
ఆవిడ ఎత్తుకి అద్దం కుదిరిపోయింది,
ఇంకో పావు తిప్పు తిప్పి
అక్కడికే బిగించేశాను.

కత్తెర డ్రమ్ము నీళ్లతో కడిగి ఇచ్చి
ఎడమ తలుపు తీసుకుని ఎక్కాను.
ఈ సీటు ఇంత మెత్తనని తెలీదు నాకు.
"క్లచ్చు ఎడం కాలు" అన్నాను.
"తెలుసు" అంది, అద్దంలోంచి కళ్లు తియ్యకుండా,
"ట్రాక్టరొకటి వస్తోంది. వాణ్ణి పోనీ."