దీపం ఎవరు పట్టుకున్నారు

కువైట్ షర్క్‌లో, సముద్రం పక్కన మ్యూజియం.
రాత్రి పది దాటినాక ఏడో నంబరు హాల్లో
తుడుపుకర్ర నాది, కాపలా కుర్చీ తిజానీది.
గోడకు ఒకే ఒక్క పెద్ద పటం.
యూరప్ నుంచి మూడు నెలల అప్పుకు వచ్చింది,
గడువు తీరితే పోతుంది,
నా అకామా లాగే.

గీసినవాడి పేరు తెలీదంట.
ముప్పై ఏండ్లు సాగిన యుద్ధమంట,
నాలుగు వందల ఏండ్ల కిందటి మాటంట.
చీటీ అరబ్బీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది.
నేను తెలుగులో చూసినా.

అంతా నలుపు.
నలుపులో ఎడమ పక్కనుంచి వాలిన వెలుగు.
అది దొర మీద పడలేదు, గుర్రం మీద పడలేదు.
బోర్లా పడినోని అరికాలి మీద పడింది.
పగిలిన మడిమె, పగుళ్ళలో మట్టి.
అరటితోటకు నీళ్ళు కట్టి వచ్చిన కాలు
మా చిట్వేలిలో అచ్చం అట్లే ఉంటుంది.
ఇంత పెద్ద పటంలో
నాకు పేరు పెట్టి పిలవాలనిపించింది
ఆ కాలినే.

పక్కన ఒక ఆడమనిషి నోరు తెరిచింది,
ఇంతవరకూ మూయలేదు.
చినిగిన దిండులోంచి లేచిన ఈకలు
ఇంకా నేల మీదికి దిగలేదు.
సిపాయి భుజానికి మూట,
మూటలోంచి బయటికి చూసే చెంబు మూతి.
చంపడానికి వచ్చినోడు
చెంబెందుకు ఎత్తుకపోతాడని
మూడు రాత్రులు ఆలోచన చేసినా.

తిజానీ మాత్రం పటానికి వీపు పెట్టి కూర్చుంటాడు.
ఆయనది దార్ఫూర్.
మా ఇద్దరికీ ఉన్నది వంటింటి అరబ్బీ,
అందులో బాధకు మాటలు తక్కువ.
ఒకనాడు తల తిప్పకుండానే అడిగినాడు:
"అక్కా, ఆ దీపం ఎవరు పట్టుకున్నారు?
మా ఊరి మీద పడిన రాత్రి దీపం లేదు.
ఎవరిని లాక్కుపోతున్నారో
గొంతులు గుర్తుపట్టి ఏడ్చినాం.
అంత బాగా కనబడేట్టు
అక్కడ నిలబడి చూసిందెవరు?"

జవాబు రాలేదు నాకు.
బకెట్లో నీళ్ళు మార్చుకొచ్చినా.
అవి మురికిగా లేవు.

మాయమ్మ ఓబులమ్మ
తొంభై ఒకటిలో ఇదే ఊర్లో, సాల్మియాలో,
ఒక ఇంటికి వంటమనిషి.
బుర్గాన్ బావులు మండేటప్పుడు
మిట్టమధ్యాహ్నం లాంతరు ముట్టించి రొట్టె కాల్చిందంట.
ఆరేసిన తెల్లగుడ్డలు నల్లగా చేతికొచ్చేవంట.
తుమ్మితే మసి.
మేం చిన్నప్పుడు చుట్టూ చేరి,
"యుద్ధం చూసినావా మా?" అంటే
"ఏం చూసినా? చీకటి చూసినా" అనేది,
చాటలో బియ్యం కదలకుండా.
మాయమ్మకు కత చెప్పడం రాదనుకున్నాం.

బేస్తవారం రీమ్ వచ్చింది,
అలెప్పో మనిషి, పటాలకు వైద్యం చేస్తుంది.
ఎక్కడో రంగు పెచ్చు లేచిందని
చిన్న లైటు పక్కవాటంగా పట్టింది
నలుపు మీద.

నలుపు నలుపు కాదు.
దాంట్లో మంచం కోడు ఉంది.
మంచం కింద ఒక పిల్ల.
రెండు కండ్లు,
తన నోటిని తానే మూసుకున్న చెయ్యి.
పాత వార్నిష్ మసిబారి
అందరి కండ్లూ కప్పి
ఇన్నేండ్లుగా దాక్కోనుంది.

రీమ్ ఏమీ అనలేదు.
లైటు కొంచెం కిందికి దించింది,
పిల్ల కండ్లలో పడకుండా.

ఆ రాత్రి కూడా తిజానీ కుర్చీ తిప్పలేదు.
"ఉందా?" అన్నాడు.
ఉంది.
"వాళ్ళు చూసినారా?"
ఇంకా లేదు.
"సరే, నువ్వు నెమ్మదిగా తుడువు" అన్నాడు.

రూముకు పోయి అమ్మకు ఫోన్ చేసినా.
అక్కడ తెల్లారుజాము, కోడి కూస్తా ఉంది.
బాగుండావా లేదు, తింటివా లేదు,
నేరుగా అడిగేసినా:
మా, ఆ చీకట్లో ఇంకెవరుండారు?

లైన్లో చానాసేపు గాలి.
తర్వాత, ఎన్నడూ వినని చిన్న గొంతుతో,

"నీకెవరు చెప్పినారే?"