లోపాలు: నాలుగో ఫోటో చూడండి

మంగళవారం పొద్దున్నే గోదాము తలుపు తీస్తారు.
కిలో పదిహేను జ్లోటీలు,
పెళ్లిగౌనైనా, వంటింటి ఏప్రన్ అయినా.
మోచేతుల దాకా ముంచి వెతుకుతాను
కళ్లతో కాదు, వేళ్లతో.
నైలాన్ జారిపోతుంది,
పాలియెస్టర్ చిటపటమంటుంది,
ఉన్ని మాత్రం కాస్త కొరుకుతుంది.
కొరికిందంటే అది నాదే.

అలా దొరికింది ఆకుపచ్చ కోటు.
మా వూచ్‌లోనే నేసిన బట్ట, లోపల చీటీ ఉంది.
ఆ మిల్లు చిమ్నీ ఇప్పటికీ నిలబడే ఉంది
పొగ మానేసిన ముసలాయనలా.
కింద కాఫీ హోటలు పెట్టారు,
అక్కడ ఒక కప్పు ధరకి
నేను కిలోన్నర బట్టలు కొంటాను.

ఇంటికొచ్చి నేలమీద పరుస్తాను.
చంక నుంచి చంకకు యాభై రెండు,
భుజం నుంచి భుజానికి నలభై.
ఎడమకన్నా కుడి మోచేయి పలచబడింది.
ఎవరో బల్లకానుకుని చాలా ఏళ్లు
ఏదో రాసి ఉంటారు,
లేదా చెంప చేతికానించి ఎవరి మాటలో విని ఉంటారు.
అదంతా ప్రకటనలో రాయను.
"కుడి మోచేయి అరిగింది.
చిమ్మట కొట్టిన చిల్లు ఒకటి, ఆవగింజంత.
పై నుంచి మూడో గుండీ లేదు.
నాలుగో ఫోటో చూడండి."

లోపాలు చెప్పుకుంటే బేరం చెడుతుందంటాడు తమ్ముడు వితోల్డ్.
వాడు పాత కార్లు అమ్ముతాడు.

రాత్రి పదకొండు దాటాక ప్రశ్నలు మొదలవుతాయి.
వాసన వస్తుందా?
నిజంగా పాతదేనా, పాతగా చేసిందా?
సగానికి ఇస్తారా?
ఒకాయన ఎనామిల్ కెటిల్ మూతి వెడల్పు అడిగాడు.
కొలిచి పంపాను, మళ్లీ పలకలేదు.
ఇప్పుడు టీ కాస్తున్నది ఆ కెటిల్లోనే.

కోటు ఓడ్నీ అనే ఆవిడ కొంది, నార్విక్ నుంచి.
బేరమాడలేదు. వాసన అడగలేదు.
గోధుమరంగు కాగితంలో చుట్టి,
పురికొస కట్టి,
వానలో పోస్టాఫీసు దాకా చంకలో పెట్టుకెళ్లాను.

మూడు వారాలకు తిరిగొచ్చింది,
అదే కాగితం, అదే పురికొస.
"కొర్నేలియా గారూ, కోటు బాగుంది, నా భుజాలే బాగోలేవు.
చిన్నప్పట్నుంచీ ఈత కొట్టి పెంచిన భుజాలు, ఏం చేస్తాం.
పోస్టు ఖర్చు నాదే."

సరే, మళ్లీ నేలమీద పరిచాను
సుంకం అధికారిలా అనుమానంగా.
చిల్లు ఉంది. మోచేయి అలాగే ఉంది.
మూడో గుండీ కూడా ఉంది.

ఆకుపచ్చది కాదు. నీలం.
మీద చిన్న లంగరు బొమ్మ,
ఎవరి ఓడకోటుదో.
గుండీ కింద దారం చుట్టి చుట్టి
మెడ కట్టింది;
దళసరి ఉన్నికి అలాగే కుట్టాలి,
తెలిసిన చెయ్యి.

ఉత్తరంలో ఆ ముక్కే లేదు.

తొడిగి చూడకముందే కుట్టిందా?
పట్టదని తెలిశాక కుట్టిందా?
అడుగుదామని రాశాను, చెరిపేశాను,
కెటిల్ పొయ్యి మీద పెట్టి మళ్లీ రాశాను,
"డబ్బు పంపాను" అని మాత్రం పంపాను.

కొత్త ప్రకటన రాయాలి.
గుండీలు: అన్నీ ఉన్నాయి. మూడోది నీలం.
దీన్ని లోపాల కింద రాయాలా?
వేరే గడి లేదు.
రంగు గడిలో ఆకుపచ్చ అని ముందే రాసేశాను.
చివరికి లోపాల కిందే రాసి
ధర మాత్రం తగ్గించలేదు.
నాలుగో ఫోటో కిటికీ దగ్గర, మంచి వెలుతుర్లో,
మళ్లీ తీశాను.

నిన్న ఘెంట్ నుంచి ఎవరో అడిగారు:
కోటు నచ్చింది, ఇప్పుడే కొంటాను,
ఆ నీలం గుండీ తీసి వేరేది కుట్టిస్తారా?

వితోల్డ్ పక్కనే ఉన్నాడు, నా భుజం మీంచి చదివాడు,
రెండు నిమిషాల పని కదే అన్నాడు.

కుదరదని రాశాను.