చెవి

ఆదోని పత్తి యార్డులో తొమ్మిది కాటాలు, తొమ్మిది కంప్యూటర్లు.
రాత్రి ఒక్క డిస్కు నుంచే అన్నిటికీ నకలు తీసినా.
పని తొందరగా అయిందని
బడేసాబ్ తెచ్చిన టీ నిదానంగా తాగినా.

తెల్లారి ఏడింటికే గొడవ.
మూడో కాటాలో తూకమేస్తే
చీటీ ఏడో కాటా కాడ పడతాంది.
కౌతాళం రైతొకాయన
ఎవరిదో బరువు చేతిలో పట్టుకోని
"ఇది నా పత్తి కాదు సామీ" అంటాండాడు.

చూస్తే ఏముంది,
తొమ్మిదింటికీ ఒకటే గుర్తు.
ముప్పై రెండు అక్షరాలు, పొల్లు పోకుండా.
అడ్రసులు పంచే రూటరు పాపం
తొమ్మిది గొంతులు ఒకే పేరు చెబితే
ఒకే ఇల్లు చూపింది.

ఈ గుర్తు యాడ దాచాలని
మా ఆఫీసులో ఎప్పటి నుంచో తగువు.
జిలానీ అంటాడు: వార్‌లో పెట్టు,
మారేవన్నీ ఉండేది ఆడనే.
ఈటీసీ మనిషి చేత్తో రాసుకునే చోటు,
యంత్రం అక్కడ గీకగూడదు.
మాటలో న్యాయముంది.
కానీ వార్ ఇంకా తలుపు తీయకముందే
"నువ్వెవరు?" అని అడిగేవాళ్లుంటారు,
చీకట్లో, బూటయ్యే ఆ రెండు క్షణాల్లో.

గేటు బయట మారెప్ప మంద ఆగింది.
జీవాల వీపు మీద ఎర్రమన్ను చుక్క,
చెవికి చిన్న కోత.
రెండెందుకంటే నవ్వినాడు.
"చుక్క దూరం నుంచి చూడనీకె.
బొచ్చు కత్తిరిస్తే పోతాది,
ఎవని కంబళిలోనో కలిసిపోతాది.
చెవి యాడికి పోతాదప్పా?"

వార్ ఉన్ని, ఈటీసీ చెవి
అని చీటీ వెనక రాసుకున్నా.
మళ్లీ కొట్టేసినా.
నా తప్పు చోటుది కాదు.
కోత పడిన చెవినే
తొమ్మిదిసార్లు అచ్చేసినా.

"పిల్లకి చెవి ఎప్పుడు కోస్తావు?"
"ఈనినాక. కడుపులో ఉన్నప్పుడు
ఎవురన్నా కోస్తారా?"

లోపలికొచ్చి మూల డిస్కులో
ఆ ఫైలు తెరిచినా.
తీసేయలేదు. ఉన్నచోటే, ఈటీసీలోనే ఉంచి
లోపలిదంతా తుడిచినా.
సున్నా బైట్లు.
ఉన్న చెవి, పడని కోత.

మళ్లీ తొమ్మిది నకళ్లు.
ఒక్కోటీ లేచి, తడుముకోని,
తన అక్షరాలు తానే గీసుకుంది.

మధ్యాహ్నం దాటినాక
కౌతాళం ఆయన చీటీ ఆయనకే వచ్చింది,
నాలుగు క్వింటాళ్ల పన్నెండు కిలోలు.
వేలుతో పేరు వెతికి చదివినాడు.
"తేమకి ఎంత కోసినారు?"
అన్నాడు.