అయిదో ముక్క

సీతాఫల్‌మండి స్టేషన్ మెట్లు దిగినంక
కుడిపక్క మూడో షటరు నాది.
అండాలు లేడీస్ టైలర్.
బోర్డు మీద 'లు' చెరిగిపోయి మూడేండ్లాయె.

జనవరి చివర్ల ఒక పిల్ల వచ్చింది.
తార్నాక హాస్టల్ల ఉంటదట. వియత్నాం.
పేరు చెప్పింది, నా నోరు తిరగలే.
కొలతల పుస్తకంల 'సంచి పిల్ల' అని రాసుకున్న.
సంచిల పేపరు, పేపర్ల మడతబెట్టిన
వాళ్ల అమ్మమ్మ అంగీ.

నేరేడు రంగు. అక్కడక్కడ పురుగు కొట్టింది.
మోకాళ్లు దాటే పొడుగు, పక్కలకు చీలిక,
కింద తెల్ల పైజామా తొడుగుతరట.
"ఆవ్ జాయ్" అన్నది.
నన్ను రమ్మంటుందేమో అనుకున్న.
పొడుగంగీ అని అర్థమట, అంతే.

మెడకాడ నిలువు కాలరు చూసి చెయ్యి ఆగింది.
ఇది నాకు తెలుసు.
పత్తర్‌గట్టిల మా నాయిన
షేర్వానీలకు కుట్టిన కాలరు.
ఆడపిల్ల చెయ్యి పడొద్దని
గంజి పెట్టిన కాన్వాసు అటక మీద దాచేటోడు.
ఇన్నేండ్లకు, ఎవరో ముసలవ్వ మెడకాడ
దొరికింది.

జనరల్ బజార్ల పట్టు తెచ్చింది, మంచి పన్నా.
పాతదానికి మాత్రం ఎదురుంగ నడుమ ఒక కుట్టు,
వెనక నడుమ ఒక కుట్టు.
"బట్ట చాలలేదా?"
"అప్పటి మగ్గాలు ఇరుకు."
"ఇప్పుడు చాలుతది గదా?"
"అయినా కొయ్యాలె. కోసి కలపాలె."
వచ్చీరాని హిందీల వేళ్ల మీద చెప్పింది:
రెండు ముక్కలు అమ్మానాయిన,
రెండు ముక్కలు అత్తామామ.
పెండ్లే కాలేదు గదనే అంటే
"జాగ ఉంచాలె" అని తల దించుకున్నది.
గుండీలు అయిదు:
దయ, మర్యాద, ధర్మం, తెలివి,
మాట మీద నిలబడుడు.
"నాలుగు పెడితే?" అన్న ఊరికే.
ఏది తీసేస్తవో నువ్వే చెప్పు
అన్నట్టు చూసింది.
అయిదో ముక్క సంగతి చెప్పబోతుంటే
లింగంపల్లి బండి వచ్చింది.
ఆ చప్పుడుల మాట కొట్టుకపోయింది.

ముప్ఫై ఏండ్ల కత్తెర నాది.
చాలని బట్టకు చంకల అతుకు వేసిన,
చిరుగు కనబడకుండ రఫ్ఫు చేసిన.
చాలిన బట్టను నడిమికి కొయ్యాలంటే
చెయ్యి ఆడలే.
చాయ తాగొచ్చి కోసిన.

అయిదోది చిన్నది.
ముందు ముక్క కింద దాక్కునేది.
ఎవరు చూస్తరు? లోపలిదానికి పట్టు దండుగని
మిగిలిన లైనింగు గుడ్డ వేసిన.

వచ్చింది. తొడుక్కున్నది. అద్దంల నవ్వింది.
గుండీలు ఇప్పి లోపల చెయ్యి పెట్టినప్పుడు
ఆ నవ్వు ఆగింది.
కోపం చెయ్యలే.
"ఇది నేను" అన్నది మెల్లగ,
"నాలుగూ వాళ్లు. కింద ఉండేది నేను."

నేల మీద కత్తిరింపులు ఏరిన.
ఎంత తిప్పినా జానెడు పొట్టిగనే వచ్చింది.
"పొట్టిదే ఉండాలె" అన్నది.
నిజమో, నన్ను ఓదార్చనీకో.
ఇప్పి కుట్టినదానికి పైసలు తీసుకోలే.

వాళ్ల కొత్త సంవత్సరం పొద్దున తొడుక్కొని వచ్చింది.
ఉగాది ఇంకా దూరముంది గదా అంటే
"మాది ముందే వస్తది."
పోయేటప్పుడు స్టేషన్ మెట్ల మీద
ముందు చెంగు ఒక చేత్తో పైకి పట్టింది,
మనం కుచ్చిళ్లు పట్టుకోమా, అట్లనే.
జామకాయలమ్మే చంద్రకళ
బేరం ఇడిచిపెట్టి చూసింది.

పేరు మళ్లోసారి అడిగి ఉంచుకున్న. క్వే.
దాల్చినచెక్క అట.
పుస్తకంల సంచి పిల్లను కొట్టేసిన.

మర్నాడు వారాసిగూడ నుంచి వనజాక్షి టీచరు
కూతురు పెండ్లికి తన జాకెట్టు బట్ట తెచ్చింది.
"లోపల ఏదో ఒకటి వెయ్యి, అండాలూ,
ఎవరు చూస్తరు?"

టేపు ఆమె భుజం మీదనే ఉంది.
"ఏదో ఒకటి అంటే," అడిగిన,
"ఏది?"