రెండో ఇంజను

వేలంలో కొన్న ఇనుము,
బరంపురం సేటు ట్రెయిలరు మీద పంపాడు.
గుణుపురం బైపాసులో నా వెల్డింగు షెడ్డు ముందు దింపడానికి
రెండు క్రేన్లు, ఒక పూట, లెక్కలేనన్ని బూతులు.

నారింజరంగు లారీ. ముక్కుండాల్సిన చోట
గోడంత వెడల్పు నోరు,
నోట్లో మెలితిరిగిన పళ్ల చుట్టలు,
నెత్తిన వంపు తిరిగిన గొట్టం. పొగది మాత్రం కాదు.

చెరుకు నమిలేదన్నాడు టీకొట్టు దండాసి.
ఏనుగుల్ని బెదరగొట్టేదన్నాడు ఫారెస్టు గార్డు,
గార్డే అన్నాడు కాబట్టి
సాయంత్రానికి ఊరంతా అదే నిజం.
చింతపండు గంప దించుకున్న సవర ముసలామె
ఒక పన్ను తట్టి చూసి,
"ఇది తినీది కాదు, కక్కీది" అంది.

సేటు ఫోను: మంగళారానికి ముక్కలవ్వాలి.

ఆదివారం ఉరిటి దానయ్య వచ్చాడు,
కాశీనగరం నుంచి సైకిలు మీద. ఎవరు చెప్పారో.
అందరిలాగా టైరుని కాలితో తన్నలేదు.
రేకు మీద అరచెయ్యి ఆనించి,
"దీనికి రెండింజన్లు బాబూ.
ఒకటి నడవడానికి, ఒకటి మంచు తినడానికి.
నడిచీది చిన్నది. తినీది పెద్దది."

మంచంటే మాకు తెలిసింది
పుష్యమాసంలో వంశధార మీద నిలబడి
తొమ్మిదింటికి లేచిపోయేదే.
అతను చెప్పిన మంచు లేవదు.
రాత్రి ఊడ్చిన చోటే తెల్లారేసరికి
ఊడ్చిన గుర్తే లేకుండా ఉంటుంది.
కాశ్మీరులో ఏర్‌ఫీల్డు, పద్నాలుగు చలికాలాలు.
ఏడింటికి విమానం, మూడింటికి వీళ్లు.
ముందు బండ్లు తోసిన గట్టుని
ఇది మింగి, గొట్టంలోంచి అవతలకి ఊస్తుంది.
"గొట్టం గాలివాటుకి తిప్పాల.
ఎదురు తిప్పినావా, ఊసింది మన మొహాన్నే."

మా ఆవిడ నవ్వేసింది.
"కళ్లంలో మేం చేసీదీ అదే గదా."
చేటెత్తే ముందు చిటికెడు పొట్టు వదిలి చూడ్డం
ఆమెకి వాళ్లమ్మ నేర్పింది.
అతనికి ఒక పంజాబీ హవల్దారు, పిడికెడు మంచుతో.

అప్పుడు ఆ నోట్లోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి
చిటికెన వేలంత మేకొకటి ఊడదీశాడు.
మెత్తటి ఇనుము, నడుమ గాడి.
మంచులో రాయి తగిలితే ముందు ఇది పుటుక్కుమనాలి.
ఇది విరక్కపోతే గేరుబాక్సు విరుగుతుంది.
విరగడానికే చేసిన మేకు.
ముప్పయ్యేళ్లుగా విరక్కూడదనే అతుకులేసిన నేను
దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాను.

"మార్చాలంటే గ్లవుజు విప్పాల" అన్నాడు.
కుడిచేతి రెండు వేళ్లకి కొసల్లేవు.
నేనడగలేదు.
"విమానం దిగీది. మేం గట్టు ఎనక టీ తాగీవోళ్లం.
లోపలోళ్లు కొండల్ని ఫొటో తీసుకునీవోళ్లు."

బ్యాటరీలు అరువు తెచ్చి, డీజిలు పోసి
రెండో ఇంజను లేపాడు. మూడోసారికి దగ్గింది,
నాలుగోసారికి షెడ్డు రేకులు వణికాయి.
రైసుమిల్లు ఊక ట్రాక్టరుతో తెచ్చి నోటికి పోశాం.
చిటికెడు ఎగరేసి చూశాడు, గొట్టం తిప్పాడు.
అయినా గాలి మాట తప్పింది:
రాయగడ బస్సు మీద, డ్రైవరు మీసాల మీద,
ఇస్త్రీ బండి మీద, గార్డు టోపీ మీద
కురిసింది, కురిసింది.
తిట్లన్నీ అయ్యాక చూస్తే దానయ్య
ఊక తుడుచుకోకుండా నిలబడి ఉన్నాడు.

సోమవారం కోశాను. పెయింటు కాలిన కంపు
అన్నంలోకి కూడా వచ్చింది.
అతను రాలేదు. మేకు నా డబ్బాలో ఉండిపోయింది.
సేటు తూకంలో అదేం తేడా.

గురువారం నూర్పిడి మిషను షాఫ్టు మోసుకొచ్చి
ఒక కుర్రాడు, "ఈసారి విరక్కుండా ఎయ్యి మావా" అన్నాడు.
"ఎక్కడ విరగాలో చెప్పు ముందు" అన్నాను.
వాడు షాఫ్టు ఎత్తుకుని
ఎదుటి షెడ్డుకి పోయాడు.