ఆఖరి బేలు

కొండపి వేలం కేంద్రం, ఏడుంపావు.
గచ్చు మీద వరసగా పొగాకు బేళ్లు.
పాట పాడే మస్తాన్‌వలీ ఒక్కో బేలు ముందు
ఒక్క గుక్క ఊపిరంతసేపు నిలబడతాడు.
వెనకే కొనేవాళ్లు, ఆకు లాగి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని
ఒక అంకె.
చీటీ మీద రాత.
అడుగు ముందుకి.

నేను చూసిందదే, రాసిందదే.
కర్సర్ తెరువు. ఒక వరస తీసుకో.
కిలోల్ని ధరతో హెచ్చవేసి, బాకీ కోసుకుని
మిగిలింది రైతు ఖాతాలో వెయ్యి.
ఇంకోటి తీసుకో.
దాటేసింది దాటేసిందే, వెనక్కి రావటం లేదు.

గుంటూరు నించి వచ్చిన పెద్ద ప్రోగ్రామరు నవ్వాడు:
"ఒక్క అప్‌డేట్‌తో పొయ్యేదానికి
లూపెందుకమ్మా, నువ్వులు ఏరినట్టు?"
నిజమే.
కానీ పన్నెండో వరసలో, తడిసి బూజెక్కి
ఎవరూ పాడని బేలుకి ధర గడి ఖాళీ.
సున్నాకైతే ఎవరో ఒకరు నోరు తెరిచినట్టు.
ఖాళీ అంటే ఎవరూ తెరవలేదని.
అక్కడ ఆగాలి, ఎవరిదో పేరు చదవాలి, పక్కన రాసిపెట్టాలి.
నా లూపు ఆ ఆగటం కోసం.

తొమ్మిదివందల పద్నాలుగు వరసలు ఆ రాత్రి.
కరెంటు రెండుసార్లు పోయింది.
ఘాటుకి కళ్లు మండుతుంటే
"పూర్తయింది" అన్న మాట చూసి ఇంటికి పోయాను.

మూడోనాడు గుమ్మంలో ముప్పవరం మాలకొండయ్య,
చొక్కా జేబులో మడిచిన పాసుబుక్కు.
"అమ్మాయ్, ఆరోజు నాది ఒక్క బేలే గదా,
రెండిటికి పడ్డయ్యేంది?"

వెతికాను. జాబితాలో ఆఖరి మనిషి ఆయనే.
తీసుకోటానికి ఇంకేం లేక
కర్సర్ ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది.
నా చరరాశుల్లో ఆయన పేరు, ఆయన కిలోలు అట్టాగే ఉన్నాయి.
"ఇంకుందా?" అని ముందడగాల్సింది
ఆయన్ని రెండోసారి తూచాక అడిగాను.

తిరిగి కట్టే కాయితం మీద సంతకం పెట్టి
పెన్ను ఇవ్వకుండా అడిగాడు:
"నాకెక్కువ పడింది సరే,
ఎవురికన్నా తక్కువ పడిందేమో చూసినావా?"

చూడలేదు.
సాయంత్రం దాకా కూచుని తొమ్మిదివందల పద్నాలుగూ చూశాను,
ఈసారి లూపు లేకుండా, వేలు పెట్టి.
ఎవరికీ తక్కువ పళ్లేదు.
ఆ పన్నెండో గడి ఇంకా ఖాళీగానే ఉంది.

అడగాల్సిన గీతని పైకి జరిపాను.
కర్సర్ మూశాను.

మర్నాడు కిటికీలోంచి చూస్తే
ఆఖరి బేలు పాడేసిన మస్తాన్‌వలీ
అలవాటుగా ఇంకో అడుగేసి,
ఉత్త గచ్చుని చూసి,
నోరు తెరవకుండా
చెప్పులు వేసుకోటానికి వెళ్లాడు.