ఉమ్మడం రాని వయసు

కెనెమాలో తెల్లవారకముందే నా పని మొదలవుతుంది.
పిల్లలు లేవకూడదు, నీళ్లు అడగకూడదు,
కడుపు కదలకూడదు.
పెద్దవాళ్లయితే డబ్బాలో కళ్లె ఉమ్మి
మూత బిగించి ఇచ్చి పోతారు.
మూడేళ్లవాడికి ఉమ్మడం రాదు.
వచ్చిన దగ్గునంతా మింగేస్తాడు.
సన్నటి గొట్టం ముక్కులోంచి దించి
రాత్రంతా వాడు మింగినదాన్ని
నేను తిరిగి అడిగి తెచ్చుకోవాలి.

"క్పానా, కళ్లు మూసుకో నాయనా."
మూసుకోడు.
గొట్టం దిగుతున్నంతసేపూ
నా టోపీకున్న పిన్నీసు వంకే చూస్తాడు,
ఇప్పుడో ఇంకాసేపటికో ఊడి పడుతుందన్నట్టు.

హర్మటాన్ గాలి రోజులు.
కిటికీ రెక్కల మీద, మంచం కోళ్ల మీద
ఎడారి పిండి.
డాక్టర్ లాన్సానా ఎక్స్‌రేను ఎండకెత్తి చూస్తాడు,
దీపం పెట్టె కాలిపోయి రెండు నెలలు.
ఊపిరితిత్తి పక్కన మబ్బు తునక.
జబ్బో, దుమ్మో,
చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చూస్తాడు.
పోదు.

ల్యాబు నుంచి చీటీ: ఏమీ కనబడలేదు.
పిల్లల చీటీలు చాలావరకు అలాగే వస్తాయి.
కనబడలేదంటే లేదని కాదని
వాళ్లమ్మకి మెండేలో మూడుసార్లు చెప్పాను.
అప్పుడు డాక్టర్ అడిగాడు:
"మీ ఇంట్లో ఎవరు దగ్గుతారు?"

టెన్నె లప్పా అంచుకి ముడి వేసింది, విప్పింది.
"మా నాన్న. టైలరు.
వీడు ఆయన కుట్టుమిషను కిందే పడుకుంటాడు.
పెడలు చప్పుడు లేకపోతే నిద్రపోడు."

ఆ సాయంత్రం నేనే వెళ్లాను.
మా తెల్లబట్టలు వీధిలోకొస్తే
ఆ గుమ్మానికి ఏదో అంటుకుపోతుంది;
అందుకని చిరిగిన యాప్రాను చేత పట్టుకున్నాను,
కుట్టించుకోవడానికొచ్చినట్టు.
బోయిమా తాత కుట్టాడు, దారం పళ్లతో తెంపాడు.
చెప్పాను.
పెడలు మీద కాలు ఆగింది.
"నా నుంచా?"

ఈ ఉద్యోగం నాకు చాలా అబద్ధాలు నేర్పింది.
"గాలి నుంచి" అన్నాను.
"ఎవరి గాలి?"
కళ్లె డబ్బా మిషను బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆరు నెలలు, ఇద్దరికీ.
వాడిది నీళ్లలో కరిగే బిళ్ల, స్ట్రాబెర్రీ వాసన.
ఆ పండు ఈ వీధిలో ఎవరూ తినలేదు;
వాడు దాన్ని మందుపండు అంటాడు.
తాత వరండా అవతల, ఎండలో కూర్చుంటాడు.
నేను త్రాసు వేస్తాను, ఆయన కంటితో కొలుస్తాడు:
"మెడ దగ్గర అరంగుళం వదులు చెయ్యాలి."
నా త్రాసు రెండొందల గ్రాములంటుంది.
రెండూ రాసుకుంటాను.

పక్క మంచం మాస్సాకి కావలసిన బిళ్లలు
ఫ్రీటౌన్ నుంచి లారీలో బయలుదేరి
వంతెన దగ్గర ఆగి
తొమ్మిది రోజులకి వచ్చాయి.
అప్పటికి దుప్పటి మార్చేశాం.

నిన్న క్పానా వరండా గట్టెక్కి
గొంతు సవరించి, పెదాలు బిగించి
తుపుక్కున ఉమ్మాడు నేల మీదకి.
పెద్దవాళ్లని చూసి నేర్చాడు.
తిట్టబోయినదాన్ని
డబ్బా కోసం పరుగెత్తాను.
"ఇందులో నాయనా, ఇంకొక్కసారి."
ఎంత లాగినా ఏమీ రాలేదు వాడికి.
ఖాళీ డబ్బాకే మూత పెట్టి
పేరు రాశాను, అలవాటు కొద్దీ.